గేటు దగ్గర నిలబడే మనిషి

కంప్యూటర్ రూము బయట చెప్పులు విడిచి, నిరోష తలుపు మెల్లగా నెట్టింది. లోపలి చల్లగాలి ముఖానికి తగిలింది.

బయట మార్చి ఎండ మండిపోతోంది. ఆ రోజే ఒంటిపూట బడులు మొదలయ్యాయి. అమ్మకు ఆస్పత్రిలో సాయంత్రం దాకా డ్యూటీ. లాలాపేట్‌లో ఇంటికి తాళం. అందుకని బడి వదలగానే నిరోష నేరుగా యూనివర్సిటీకి వచ్చింది. వాళ్ళ నాన్న రత్నాకర్ అక్కడ ఒక డిపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్లు చూసుకుంటాడు. సాయంత్రం ఆయన స్కూటర్ మీదే ఇద్దరూ ఇంటికి వెళ్ళాలి.

పరీక్షల రోజులు కదా, రూములో స్టూడెంట్లు ఎవరూ లేరు. కిటికీలకు మందపాటి పరదాలు వేసి ఉన్నాయి. కంప్యూటర్లన్నిటికీ తెల్లగుడ్డ ముసుగులు. ఆ మసక వెలుతురులో చూస్తే, చర్చిలో తలమీద కొంగు కప్పుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నట్టే ఉంది.

"డాడీ, వీటి ముసుగులు తియ్యొచ్చు గదా?"

"దుమ్ము పడతది. నీకు ఆ చివరి మిషన్ చాలు, రా."

నాన్న పక్కన కూర్చుని ఒక ఆట నేర్పించాడు. తెరమీద ఒక నది, దాని పక్కన ఖాళీ నేల. అక్కడ మనమే ఒక కాలనీ కట్టాలి. బావి తవ్వాలి. పొలం దున్నించాలి. ఇల్లు కడితే, కొంతసేపటికి గేటు దగ్గరికి ఒక కొత్త మనిషి వస్తాడు. రానివ్వాలా అని ఆట అడుగుతుంది. రానివ్వాలంటే వై అక్షరం నొక్కాలి. వచ్చిన మనిషికి ఒక పని అప్పగించాలి. గోదాములో ధాన్యం అయిపోతే అందరూ వెళ్ళిపోతారు.

"అంతేనా?"

"అంతే అనుకుంటున్నవా? ముందు ఒకరికి అన్నం పెట్టి చూడు, తెలుస్తది" అని నాన్న నవ్వి లేచాడు. "ఇంకో మాట. అండ్ల వేరేవాళ్ళవి ఉన్నయి. అవి ముట్టకు."

"ముట్ట."

నాన్న పక్క గదిలోకి వెళ్ళాడు. నిరోష ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. అంతకుముందు ఆడినవాళ్ళు దాచుకున్న కాలనీలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే కింద ఉన్నదాని పేరు విజయ్. పక్కన తారీఖు పోయిన వానాకాలానిది.

చూస్తే ఏమవుతుంది, ముట్టడం కాదుగా అనుకుని తెరిచింది.

చక్కటి కాలనీ. ఒక వరసలో చిన్న చిన్న ఇళ్ళు. మధ్యలో బావి. దానికి ఎదురుగా రెండు గోదాములు, ఒకదానికొకటి ఆనుకుని. ఇళ్ళ వరస చివర మాత్రం ఒక ఇంటికి సరిపడే జాగా ఖాళీగా వదిలేసి ఉంది. మనుషులు చీమలంత ఉన్నారు. ఒకరి మీద బాణం గుర్తు పెడితే పేరు కనబడింది. సామేలు. ఇంకొకరి పేరు ఉప్పలమ్మ.

నిరోషకు భలే అనిపించింది. ఇంగ్లీషు ఆటలో ఉప్పలమ్మ.

తెరమీద సాయంత్రమైంది. అందరూ పనులు ముగించుకుని ఇళ్ళకు పోయారు. కిటికీల్లో ఒక్కొక్కటిగా పసుపు దీపాలు వెలిగాయి. ఒక్క ఇంట్లో మాత్రం వెలగలేదు. ఆ ఇంటి మనిషి లోపలికి వెళ్ళలేదు. నడుచుకుంటూ గేటు దాకా వచ్చి, బయటికి చూస్తూ నిలబడింది.

నిరోష బాణం గుర్తు ఆమె మీద పెట్టింది. పేరు, సువార్త. పని అన్నచోట ఏమీ లేదు.

చీకటి పడినా ఆమె కదల్లేదు. చీమంత బొమ్మ. దానికి కళ్ళు కూడా లేవు. అయినా ఎవరికోసమో చూస్తున్నట్టే ఉంది. నిరోష చేతులమీద వెంట్రుకలు లేచాయి. ఏసీ చల్లదనానికే అనుకుంది. గబగబా ఆ కాలనీ మూసేసి, తన కాలనీ మొదలుపెట్టింది.

ఒక బావి, ఒక పొలం, రెండు ఇళ్ళు. అంతలోనే నాన్న కేక వినిపించింది. "నిరోషా, మూసెయ్యి. పోదాం."

దాచుకుందామంటే చోటు లేదు. అన్నీ నిండి ఉన్నాయి. రేపు మళ్ళీ బావి దగ్గరినుంచి మొదలుపెట్టాలా? ఆమె పైనుంచి కిందిదాకా చూసింది. మిగతావన్నీ మొన్నమొన్నటివి. ఆ విజయ్ ఎవరో, వానాకాలం నుంచి రానేలేదు.

చివరి దానిమీద నొక్కింది. ఆట అడిగింది: ఇక్కడ ఇదివరకే ఒక కాలనీ ఉంది. తుడిచేయాలా?

"నిరోషా!"

"వస్తున్న డాడీ."

ఎవరూ ఆడటం లేదు కదా అనుకుంది. వై నొక్కింది.

పేరు మార్చడం ఎలాగో తెలియలేదు. నిరోష కాలనీ పైన విజయ్ అన్న పేరే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పరుగున వచ్చి కూర్చుంది. రెండు ఇళ్ళు పూర్తయ్యాయి. గేటు దగ్గరికి మొదటి మనిషి వచ్చాడు. నిరోష వై నొక్కి, పేరు చూసింది.

సామేలు.

ఆమె వేలు ఆగిపోయింది. రెండో మనిషి వచ్చింది. ఉప్పలమ్మ.

నిన్న తుడిచేసిన కాలనీలోని మనుషులు. వాళ్ళు ఇక్కడికెలా వచ్చారు? దారి ఎవరు చెప్పారు?

భయం వేసినా, ఆపబుద్ధి కాలేదు. ఇంకో ఇల్లు కట్టించింది. కొంతసేపటికి గేటు బయట ఇంకో బొమ్మ వచ్చి నిలబడింది. ఆ పేరు చదవకముందే నిరోషకు తెలిసిపోయింది.

సువార్త.

ఆమెను పొలం పనికి పంపింది. బొమ్మ నాలుగు అడుగులు వేసి, తిరిగి గేటు దగ్గరికి వచ్చింది. బావి పనికి పంపింది. మళ్ళీ గేటు దగ్గరికే. తెరమీద సాయంత్రమైంది. సామేలు ఇంట్లో దీపం వెలిగింది. ఉప్పలమ్మ ఇంట్లో వెలిగింది. మూడో ఇల్లు చీకటిగా ఉంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏసీ చప్పుడు ఆగిపోయింది. ట్యూబులైట్లు ఆరిపోయాయి. మూలనున్న బ్యాటరీ పెట్టె కీచుమని కూయసాగింది. రూమంతా చీకటి. ముసుగుల మధ్య ఒక్క ఆ తెరే వెలుగుతోంది. అందులో గేటు, గేటు దగ్గర ఆ మనిషి.

"బంద్ చెయ్యి బిడ్డా, బ్యాటరీ అయిపోతది" అన్నాడు నాన్న తలుపు దగ్గరినుంచి.

నిరోషకు అడగాలనే ఉంది. అడిగితే తుడిచేసిన సంగతి చెప్పాలి. అడగలేదు.

మూడోరోజు బడిలో పక్కన కూర్చునే అమలకు చెప్పింది. అమల టిఫిన్ డబ్బా మూత నాకుతూ అంతా విన్నది.

"దయ్యాలే" అంది.

"కంప్యూటర్ల దయ్యాలు ఎట్ల ఉంటయే?"

"ఎందుకుండవ్? చల్లగ ఉంటది గద లోపల. ఈ ఎండకు అవి మాత్రం ఏడికి పోతయి?"

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరో ఎందుకు చెప్పాలె, నాకే తెలుసు. నువ్వు వాళ్ళ ఇండ్లు కూలగొట్టినవ్, వాళ్ళు నీ ఇండ్లకు వచ్చిన్రు. కరెక్టే గద." అమల డబ్బా మూసేసింది. "నేనైతే ఇంకో మిషన్ మీద కూసుంటుంటి."

నిరోష నవ్వలేకపోయింది. కూలగొట్టినవ్ అన్న మాట ముల్లులా లోపల గుచ్చుకుని ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కూడా కంప్యూటర్ రూములో ఎవరూ లేరు. నాన్న ఆఫీసులో ఉన్నాడు. ఆడను, ఊరికే చూస్తాను అనుకుంటూ ఆట తెరిచింది. తెరమీద సాయంత్రం కావస్తోంది. సువార్త నడిచి వచ్చి గేటు దగ్గర నిలబడింది. రాత్రయింది. తెరంతా నల్లబడింది.

ఆ నల్లటి అద్దంలో నిరోషకు తన ముఖం కనిపించింది. తన భుజం వెనక, తలుపు దగ్గర, తెల్లచీర కట్టుకున్న ఒక మనిషి నిలబడి ఉంది.

చప్పుడు లేదు. కదలిక లేదు. ఇటే చూస్తోంది.

నిరోష మెల్లగా తల తిప్పింది. నిజంగానే ఉంది. పెద్దావిడ. చేతిలో మడిచిన గొడుగు. కాళ్ళకు చెప్పులు లేవు.

"నువ్వెవరమ్మా?" అందామె.

"నిరోష" అంది. "మీరు?"

"నా పేరు సువార్తమ్మ."

నిరోష కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

అంతలో వెనకనుంచి నాన్న వచ్చాడు. "టీచర్ గారూ, ఈ ఎండల నడుచుకుంట వచ్చిన్రా? రండి, కూసోండి. మా బిడ్డ, టీచర్ గారూ. నిరోషా, లేచి కుర్చీ ఇయ్యి. అండ్ల విజయ్ అని ఉంటది చూడు, తియ్యి. టీచర్ గారి కొడుకుది. అప్పుడప్పుడు వచ్చి చూసుకుని పోతరు."

"వాడిదంటూ మిగిలింది ఇదొక్కటే కదమ్మా" అందామె. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు అంది.

నిరోష లేచింది. కుర్చీ టీచర్ వైపు జరిపింది. ఆఫీసులో ఫోన్ మోగింది. నాన్న తనే విజయ్ పేరు మీద నొక్కి, "చూస్తుండండి, ఇప్పుడే వస్త" అని వెళ్ళాడు.

నిరోష కట్టిన కాలనీ తెరుచుకుంది.

సువార్తమ్మ టీచర్ కూర్చుని, ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఆమె వేలు తెరకు కొంచెం దూరంలో గాలిలో కదిలింది, ఏదో వెతుకుతున్నట్టు.

"బావి ఇక్కడుందా?" అంది తనలో తను. "ఇళ్ళ మధ్యలో కదూ ఉండేది. సామేలు ఇల్లు ఆ పక్కన. గోదాములు రెండు ఉండేవి... ఉండేవా?"

నిరోష నేలవైపు చూస్తూ నిలబడింది. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇప్పుడు. ఇదిగో ఇప్పుడు.

"పోనీలే" అంది టీచర్. "నాకే గుర్తు తప్పుతున్నట్టుంది. అప్పుడే మరిచిపోతున్నాను, చూశావా? వాడు కట్టిందే మరిచిపోతే ఇంక నాకేం గుర్తుంటుంది?"

ఆమె గొడుగు పట్టుకుని లేచింది. నాన్న వచ్చేదాకా కూడా ఉండలేదు.

నిరోష కుర్చీలో కూలబడింది. తెరమీద తెల్లారింది. సువార్త ఇంకా గేటు దగ్గరే ఉంది.

ఒక్కసారిగా లేచి పరుగెత్తింది. వరండా దాటింది. మెట్లు దిగింది. రోడ్డు మీద అడుగు పెట్టాక గానీ చెప్పులు వేసుకోలేదని తెలియలేదు. తారు కాలిపోతోంది. తార్నాక గేటు వైపు పోయే దారిలో, చాలా దూరంలో, నల్లగొడుగు నెమ్మదిగా కదులుతోంది. చెట్టు నీడ దొరికినచోట నీడలో, లేనిచోట మడమలమీద, నిరోష పరుగెత్తింది.

"టీచర్!"

గొడుగు ఆగింది.

"మీరు మర్చిపోలే టీచర్." రొప్పుతూ చెప్పింది. "బావి మధ్యలనే ఉండె. గోదాములు రెండుండె. ఇండ్లు వరసగ ఉండె, చివర జాగా ఖాళీగ ఉండె. నేనే తుడిచేసిన. ఎవరూ ఆడుతలేరనుకుని తుడిచేసిన. ఇందాక చెప్పాలె. చెప్పలే."

గొడుగు నీడ టీచర్ ముఖం మీద పడి, అందులో ఏముందో కనబడలేదు. ఒక కోకిల కూసి, ఆగి, మళ్ళీ కూసింది. తిడితే బాగుండునని నిరోషకు అనిపించింది.

"చివర జాగా ఖాళీగా ఉండేది కదూ?" అంది టీచర్ చివరికి.

"ఉండె."

"అయితే నాకు గుర్తున్నదే నిజం."

"అవును టీచర్."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. తరువాత కిందికి చూసింది. "కాళ్ళు కాలట్లేదూ?" అంటూ గొడుగు నిరోష మీదికి జరిపింది. తన చెప్పులు విడిచి ముందుకు తోసింది. "ఎక్కు. నా కాళ్ళు మొద్దుబారిపోయాయిలే."

"వద్దు టీచర్."

"ఎక్కమన్నానా?"

క్లాసులో టీచర్ గొంతులా ఉంది అది. నిరోష ఎక్కింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద, రోడ్డు పక్కన ఎండుటాకుల మీదుగా వెనక్కి నడిచారు.

నాన్న అంతా విన్నాడు. కొట్టలేదు. అరవలేదు.

"ముట్టకు అని చెప్పిన గద."

"చెప్పినవ్. ఎవరూ ఆడుతలేరనుకున్న."

"ఆడుతలేరు, నిజమే. చూసేటోళ్ళు ఉన్నరు." ఆయన టీచర్ వైపు తిరిగాడు. "నాదే తప్పు టీచర్ గారూ. నేను వేరేగ కాపీ తీసి పెట్టకపోతిని."

అప్పుడే నిరోషకు మిగతాదంతా తెలిసింది. విజయ్ ఆ డిపార్ట్‌మెంట్‌లోనే చదువుకునేవాడు. పోయిన వానాకాలంలో జ్వరంతో చనిపోయాడు. ఆటలో మొదట ఇంగ్లీషు పేర్లు వచ్చేవట. అవన్నీ తీసేసి, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో తను పెరిగిన వీధిలోని పేర్లు పెట్టుకున్నాడు. అందుకే ఎవరు కాలనీ కట్టినా వాళ్ళే వస్తారు.

"మరి ఆమె పని చెయ్యదేంది? గేటు దగ్గరనే ఉంటది" అంది నిరోష గుసగుసగా.

"విజయే అట్ల పెట్టిండు" అన్నాడు నాన్న. "మా అమ్మకు నేను పని చెప్పను సార్, చాలా చేసింది అని నవ్విండు. ఆటల పని లేనోళ్ళు గేటు దగ్గర నిలబడతరు. కొత్తగ ఎవరన్న వస్తే ఇంటిదాక తోలుకొస్తరు. అదే వాళ్ళ పని."

టీచర్ కొంగు సర్దుకుంది. "మంచి పనే పెట్టాడు. పని లేకపోతే నేను చేసేది అదేగా. వాడికోసం ఆఖరి బస్సు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడేదాన్ని."

నిరోష కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీరు చెప్పండి టీచర్. నేను కడత."

"నీ ఊరు పోతది మరి" అన్నాడు నాన్న.

"పోనీ."

టీచర్ రోజూ మధ్యాహ్నం రాసాగింది. ఆమె చెబుతుంటే నిరోష కట్టేది. బావి అంటే క్వార్టర్స్ మధ్యలోని బోరింగ్ పంపు. దాని పక్కిల్లు సామేలుది. చర్చి గంట కొట్టేవాడు, ఆలస్యంగా కొట్టి తిట్లు తినేవాడు. ఆనుకుని ఉన్న గోదాములే చర్చి. "ఆటలో చర్చి దొరకలేదమ్మా, ఇది చర్చి అనుకో అన్నాడు." ఉప్పలమ్మ పాలు పోసేది. "నీళ్ళు కలపలేదని ఒట్టు వేసేది. ఆ ఒట్టు వేసిన చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉండేది." నిరోష ఫక్కున నవ్వింది. టీచర్ కూడా నవ్వింది. ముసుగులు వేసుకున్న కంప్యూటర్లు ఇప్పుడు వాళ్ళ మాటలు వింటూ కూర్చున్నట్టే ఉన్నాయి.

ఇటుక జరపాలన్నా నిరోష ముందు అడిగేది. "ఇక్కడేనా టీచర్?"

"కొంచెం ఇవతలికి. ఆఁ, అక్కడ."

చివరికి అంతా కట్టడం అయిపోయింది. ఖాళీ జాగా ఒక్కటే మిగిలింది.

"ఇది అట్లనే ఉంచుదమా?"

టీచర్ కళ్ళజోడు సర్దుకుంది. "అక్కడ మన ఇల్లు తర్వాత కడతానమ్మా అన్నాడు" అంది. "కట్టు."

నిరోష కట్టింది. ఇంటి గోడలు లేచాయి. పైకప్పు పడింది. తెరమీద సాయంత్రమైంది. అందరి కిటికీల్లో దీపాలు వెలిగాయి. సువార్త నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడింది.

గేటు బయట దారిమీద ఒక చిన్న బొమ్మ వస్తోంది.

తెర కింద అక్షరాలు పడ్డాయి. కొత్త మనిషి వచ్చాడు. పేరు, విజయ్. రానివ్వాలా?

తన పేరు అందరికంటే ఆఖర్న పెట్టుకున్నాడు. ఆ చివరి ఇల్లు కట్టేదాకా ఆ పేరు ఎవరికీ కనబడలేదు. వెనక నిలబడ్డ నాన్న చేతిలోని తాళాలు చప్పుడాపేశాయి. టీచర్ ఊపిరి కూడా వినబడటం లేదు. గేటుకు లోపల ఒకరు, బయట ఒకరు. చీమంత బొమ్మలు, కళ్ళు కూడా లేవు. కదలకుండా నిలబడి ఉన్నాయి.

నిరోష వేలు వై మీద ఉంది. నొక్కితే అయిపోతుంది.

ఆమె వేలు తీసేసింది. కీబోర్డును రెండు చేతులతో ఎత్తి, తీగ ఊడకుండా జరిపి, మెల్లగా టీచర్ ముందు పెట్టింది.

"మీరు నొక్కండి" అంది.

సువార్తమ్మ టీచర్ ఎప్పుడూ ఆ మీటలు ముట్టలేదు. వంగి, అక్షరం కోసం వెతికింది. ఒక్క వేలితో నొక్కింది.

గేటు తెరుచుకుంది. లోపలి బొమ్మ బయటి బొమ్మకు ఎదురు వెళ్ళింది. రెండూ కలిసి, సామేలు ఇల్లు దాటి, బోరింగ్ దాటి, వరస చివరిదాకా నడిచాయి. చివరి ఇంటి కిటికీలో పసుపు దీపం వెలిగింది.

గేటు దగ్గర ఎవరూ లేరు.